వార్తల్లో పదం: డిఫాల్ట్ పాస్‌వర్డ్

సీసీ కెమెరా, దాని దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్, వైఫై రూటర్ లాంటి పరికరాలకు కంపెనీ ముందే పెట్టి పంపే రహస్య పదం ఇది. ఒక మోడల్‌కు ఒకే పదం పెట్టి లక్షల్లో అమ్మేవాళ్లు. కొన్నవాళ్లు మార్చకపోతే అది ఎవరికీ రహస్యం కాదు. 2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ఇలాంటి 60కి పైగా యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలను ప్రయత్నించి లక్షల కెమెరాలను, రూటర్లను లొంగదీసుకుంది. 2025లో రాజ్‌కోట్‌లో ఓ ప్రసూతి ఆసుపత్రి దృశ్యాలు బయటికి పొక్కిన కేసులో దొరికిన పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’.

2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో కొత్తగా అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి. కడప జిల్లా కొప్పర్తిలో తయారయ్యేవాటికీ ఇదే నిబంధన. మరి ఇప్పటికే గోడకెక్కినవాటి సంగతి? శ్రీసిటీ పారిశ్రామికవాడ చుట్టూ తడ, వరదయ్యపాళెం, సత్యవేడుల్లో కార్మికుల హాస్టళ్లు, మెస్సులు, కిరాణా కొట్లు నడిపేవాళ్లు తమ కెమెరాలను తామే చూసుకోవాలి.

గల్లాపెట్టె కింద దుమ్ముపట్టిన డీవీఆర్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? బిగించినవాడి దగ్గరే ఉంటే ఈరోజే అడిగి మార్చండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించండి. గిరాకీలకిచ్చే వైఫైని, కెమెరాల వైఫైని వేరు చేయండి. దృశ్యాలు బయటికి పోయాయని తెలిస్తే cybercrime.gov.inలో ఫిర్యాదు చేయండి.