విదేశాలకు వెళ్లేవారి పవర్ ఆఫ్ అటార్నీ

తన తరఫున ఫలానా పనులు చేయమని ఒకరు మరొకరికి కాగితం మీద ఇచ్చే అధికారం పవర్ ఆఫ్ అటార్నీ. ఇచ్చేవారిని చట్టం ప్రిన్సిపల్ అంటుంది, పుచ్చుకునేవారిని ఏజెంటు అంటుంది. కాగితంలో రాసిన హద్దుల్లో ఏజెంటు పెట్టే సంతకానికి ప్రిన్సిపల్ స్వయంగా పెట్టిన సంతకానికి ఉన్నంత విలువ ఉంటుంది. కూతురి పురుటికి ఆరు నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రులకూ, కాంట్రాక్టు పని మీద కువైట్ వెళ్లే కడప జిల్లా డ్రైవరుకూ, కంపెనీ లండన్ పంపే హైదరాబాద్ ఇంజినీరుకూ ఈ కాగితంతో అవసరం పడుతుంది. మనిషి విమానం ఎక్కినంత మాత్రాన ఇంటి అద్దె, కోర్టు వాయిదా, ఫ్లాటు రిజిస్ట్రేషను ఆగవు.

దీనికంటూ 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం ఉంది గానీ అది చాలా చిన్నది. ప్రిన్సిపల్‌కూ ఏజెంటుకూ మధ్య ఉండే హక్కులు, బాధ్యతలు చాలావరకు 1872 కాంట్రాక్టు చట్టంలోని పదో అధ్యాయంలో ఉన్నాయి. అధికారం ఇచ్చేవారు మేజరై ఉండాలి, సంతకం చేసేనాటికి మతి స్థిమితంగా ఉండాలి.

అన్ని వ్యవహారాలకూ కలిపి ఇచ్చేది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. అందరి నోళ్లలో నలిగే జీపీఏ ఇదే. ఒక పనికో, కొన్ని పనులకో పరిమితం చేసి ఇచ్చేది స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఎస్‌పీఏ. కొంతకాలం దేశం విడిచి వెళ్లేవారికి దాదాపు ఎప్పుడూ ఎస్‌పీఏ సరిపోతుంది. అయినా డాక్యుమెంట్ రైటరు దగ్గర ఉన్న పాత నమూనాలో పేర్లు మార్చి జీపీఏ రాయించుకోవడమే ఎక్కువగా జరుగుతోంది. అద్దె వసూలుకు మనిషి కావాలనుకున్నవారు అలా ఇల్లు అమ్మే అధికారం కూడా తెలియకుండానే ఇచ్చేస్తున్నారు.

ఈ పత్రాన్ని కోర్టులు అక్షరం అక్షరం పట్టుకుని చదువుతాయి. రాయని అధికారం ఇచ్చినట్టు కాదు. 'ఆస్తి వ్యవహారాలు చూసుకోవడం' అని రాస్తే అందులోకి అమ్మకం రాదు, తాకట్టూ రాదు. నిజంగా అమ్మాల్సి ఉంటే ఆ మాట విడిగా, స్పష్టంగా రాయాలి. సర్వే నంబరు లేదా ఫ్లాటు నంబరు, హద్దులు, ఎంత ధరకు తగ్గకూడదు, డబ్బు ఏ ఖాతాలో పడాలి అనేవి కూడా అందులోనే ఉండాలి. ధర, ఖాతా నంబరు రాయడం కుటుంబంలో అపనమ్మకంగా కనిపిస్తుందని చాలామంది మొహమాటపడతారు. తర్వాత అన్నదమ్ముల మధ్య తగవు రాకుండా కాపాడేవి ఆ రెండు వాక్యాలే. గడువు తేదీ అంతకంటే ముఖ్యం. ప్రయాణం కోసమే ఇచ్చినా, మనిషి తిరిగి వచ్చినంత మాత్రాన అధికారం దానంతటదే రద్దు కాదు. ఫలానా తేదీ వరకే చెల్లుతుందని రాయకపోతే, ప్రిన్సిపల్ ఇంటికి చేరుకున్నాక కూడా పత్రంలో రాసిన అధికారం ఏజెంటు చేతిలో ఉండిపోతుంది.

అద్దె, పన్నులు, కోర్టు పనుల్లాంటి వాటికి స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే సాధారణంగా సరిపోతుంది. ఏజెంటు సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు దాఖలు చేయాల్సి ఉంటే మాత్రం 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ వర్తిస్తుంది. ఇండియాలో ఉండేవారు తాము నివసించే ప్రాంతపు రిజిస్ట్రార్ లేదా సబ్ రిజిస్ట్రార్ ఎదుట సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి. కాబట్టి ప్రయాణానికి ముందే ఈ పని ముగించుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

విదేశంలో స్థిరపడ్డవారైతే అక్కడి నోటరీ, కోర్టు, న్యాయమూర్తి, మేజిస్ట్రేట్ ఎదుట గానీ, భారత కాన్సులేట్ అధికారి ఎదుట గానీ సంతకం చేయవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. విదేశీ నోటరీ ముద్ర నిజమైనదేనని తేల్చడానికి అపొస్టిల్ అనే ధ్రువపత్రం ఉపయోగపడుతుంది. 1961 హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ఈ పత్రం ఇండియా విషయంలో 2005 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలోనైతే నోటరీ చేయించిన పత్రం మీద ఆయా రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయం అపొస్టిల్ ఇస్తుంది. ఆ ఒప్పందంలో లేని దేశాల్లో ఉన్నవారికి భారత ఎంబసీయో కాన్సులేటో దిక్కు.

అక్కడితో పని పూర్తి కాదు. విదేశంలో రాసిన పత్రం ఇండియా చేరిన 3 నెలల్లోగా దానికి ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టాలి. 1899 స్టాంపు చట్టం పెట్టిన గడువు ఇది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఇందుకు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. కొరియర్‌లో వచ్చిన కాగితాన్ని బీరువాలో పెట్టి, కొనేవాళ్లు దొరికాక బయటికి తీసేవారు ఇక్కడే చిక్కుకుంటారు. కొరియర్ కవరును పారేయకుండా దాచుకోవాలి. పత్రం ఏ తేదీన చేరిందో చూపడానికి అది ఆధారం.

బ్యాంకులకు చాలాసార్లు సొంత నమూనా ఉంటుంది, బయట రాయించినదాన్ని అన్ని శాఖలూ ఒప్పుకోవు. ప్రయాణానికి ముందే శాఖకు వెళ్లి అడగాలి. లాకరు సంగతి విడిగా రాయించాలి. ప్రవాసుల ఎన్ఆర్ఈ ఖాతాకు ఇండియాలో ఉన్న ఏజెంటును పెట్టుకోవచ్చు గానీ రిజర్వు బ్యాంకు నియమాలు అతని చేతులు కట్టేస్తాయి. స్థానిక చెల్లింపులు చేయవచ్చు, ఖాతాదారుకే డబ్బు పంపవచ్చు. ఖాతాదారు తరఫున ఎవరికీ బహుమతిగా ఇవ్వకూడదు, మరో ఎన్ఆర్ఈ ఖాతాకు మార్చకూడదు. అసలు ఆ ఖాతా తెరవాల్సిందే ప్రవాసి స్వయంగా.

కొన్ని పనులు ఎవరికీ అప్పగించలేనివి. వీలునామా మరొకరు రాయలేరు. కోర్టులో ఏజెంటు దావా వేయవచ్చు, తాను స్వయంగా చేసిన పనుల గురించి సాక్ష్యం చెప్పవచ్చు. ప్రిన్సిపల్‌కు మాత్రమే తెలిసిన విషయాల మీద అతని బదులు సాక్ష్యం చెప్పడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2004లో జానకి వాష్‌దేవ్ భోజ్వాని కేసులో తేల్చింది.

తెలుగు రాష్ట్రాల్లో అమ్మకం అగ్రిమెంటునూ జీపీఏనూ కలిపి రాసే పద్ధతి ఉంది. బిల్డర్లకు ఇచ్చే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ కూడా అలాంటిదే. పేరులో జీపీఏ ఉన్నా ఇవి ప్రయాణం కోసం ఇచ్చే అధికారం లాంటివి కావు. వ్యవహారంలో ఏజెంటుకు సొంత ప్రయోజనం ఉన్నప్పుడు, దానికి నష్టం కలిగేలా అధికారాన్ని రద్దు చేయకూడదని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ చెబుతోంది. విదేశం వెళ్లే హడావిడిలో సంతకం పెడితే దాన్ని వెనక్కి తీసుకోవడం ప్రిన్సిపల్ చేతిలో ఉండదు. మరోవైపు, జీపీఏ రాయించుకున్నంత మాత్రాన కొన్నవారికి యాజమాన్యం రాదని, దానికి రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందేనని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిజమైన అవసరానికి దగ్గరివారికి ఇచ్చే జీపీఏలకు ఆ తీర్పు అడ్డు కాదు.

ప్రిన్సిపల్ అడిగినప్పుడు ఏజెంటు లెక్క చెప్పాలి. ప్రిన్సిపల్ సొమ్మును తన సొమ్ముగా వాడుకోకూడదు. ప్రిన్సిపల్‌కు అన్నీ చెప్పి ఒప్పించకుండా ఆ ఆస్తిని తానే కొంటే, ముఖ్యమైన సంగతులు దాచారనో తనకు నష్టం జరిగిందనో తేలినప్పుడు ప్రిన్సిపల్ ఆ లావాదేవీని తోసిపుచ్చవచ్చు. మామూలుగా, పత్రంలో అనుమతి లేనిదే తన అధికారాన్ని ఇంకొకరికి బదలాయించలేడు కూడా.

మామూలు జీపీఏనైనా ఎస్‌పీఏనైనా ప్రిన్సిపల్ రద్దు చేసుకోవచ్చు. రద్దు పత్రం రాసినంత మాత్రాన సరిపోదు. ఏజెంటుకు తెలిసినప్పటి నుంచే అతని విషయంలో, బయటివారికి తెలిసినప్పటి నుంచే వారి విషయంలో రద్దు అమల్లోకి వస్తుంది. అందుకే ఏజెంటుకు రసీదు ఉండేలా పోస్టులో నోటీసు పంపాలి, బ్యాంకుకూ అద్దెకున్నవారికీ లిఖితపూర్వకంగా చెప్పాలి. పత్రం రిజిస్టరై ఉంటే రద్దు పత్రాన్నీ రిజిస్టరు చేయించాలి. అసలు ప్రతినీ, ధ్రువీకరించిన నకళ్లనూ వెనక్కి తీసుకోవాలి.

ఇద్దరిలో ఎవరు చనిపోయినా, ఎవరికి మతి స్థిమితం తప్పినా అధికారం ముగుస్తుంది. వయసు పైబడినవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఇంగ్లండులో, అమెరికాలో ప్రిన్సిపల్ మతి తప్పాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీకి చట్టం ఉంది, భారత చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. విదేశంలో తండ్రి పక్షవాతంతో మతి కోల్పోతే, సరిగ్గా అధికారం కావాల్సిన రోజునే కొడుకు చేతిలోని జీపీఏ చెల్లకుండా పోతుంది, సంరక్షకుడిగా నియమించమని కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఇంటి ఖర్చు, వైద్యం ఖర్చు వరకైనా ఆగకుండా ఉండాలంటే దంపతులు, లేదా తల్లిదండ్రులూ పిల్లలూ, ఇద్దరిలో ఎవరైనా నడపగల ఉమ్మడి ఖాతాను ప్రయాణానికి ముందే తెరుచుకోవాలి.