వేడి పెట్టని పెట్టెలో 144 పూలమొక్కలు

దక్షిణ ఇంగ్లాండులో మే నెల సగం గడిచాక కూడా ఒక్కో రాత్రి మంచు పడుతుంది. బంతి, పెటూనియా, జిన్నియా వంటివి అమెరికా ఖండాల వెచ్చని నేలల నుంచి వచ్చిన మొక్కలు. ఉష్ణోగ్రత సున్నాకు దిగిన ఒక్క రాత్రి చాలు, తెల్లారేసరికి ఆకులు నల్లబడి వాలిపోతాయి. అందుకే అక్కడి తోటమాలులు మే ఆఖరుకో జూన్ మొదటి వారానికో గాని వీటిని మడిలో నాటరు. విత్తనం కూడా అప్పుడే చల్లితే పూలు చూసేసరికి ఆగస్టు వస్తుంది. ఆ నష్టపోయే వారాలను తిరిగి రాబట్టేదే కోల్డ్ ఫ్రేమ్. అడుగు లేని చెక్కపెట్టె, పైన వాలుగా గాజు మూత. కరెంటు లేదు, హీటరు లేదు.

చిన్న పెట్టెనే తీసుకుందాం. లోపలి పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు. వెనక గోడ ఎత్తు 18 అంగుళాలు, ముందు గోడ 12. ఎండ పడేలా వాలు దక్షిణానికి ఉండాలి. 38 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నారు ట్రేలు ఇందులో ఆరు పడతాయి. ట్రేకు 24 మొక్కల చొప్పున మొత్తం 144. వాటిని 25 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 16 మొక్కలు. అంటే 9 చదరపు మీటర్ల పూలమడికి ఈ పెట్టె సరిపోతుంది.

మరి రాత్రి చలి సంగతి? ఒంటి పొర గాజు, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకూ చదరపు మీటరుకు సుమారు 5.7 వాట్ల వేడిని పోగొట్టుకుంటుంది. మన మూత 0.75 చదరపు మీటర్లు. లోపల 5 డిగ్రీలు ఎక్కువ నిలవాలంటే 21 వాట్లు కావాలి. ట్రేలు పోను వెనక గోడ పక్కన 13 సెంటీమీటర్ల జాగా మిగులుతుంది. అక్కడ రెండు లీటర్ల నీళ్ల సీసాలు పది నిలబెట్టండి. పగలు ఎండకు వెచ్చబడిన ఆ 20 లీటర్ల నీళ్లు రాత్రి పది గంటల్లో 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు 23 వాట్ల చొప్పున వేడిని వదులుతాయి. గాజు పోగొట్టేది ఇంచుమించు అంతే. చెక్క గోడల నుంచీ కొంత పోతుంది, నేల నుంచి కొంత వస్తుంది. మూత మీద పాత దుప్పటో గోనెపట్టానో కప్పితే ఇంకా మేలు. అయినా బయట మైనస్ 6కు దిగిన రాత్రి బంతి నారును ఈ పెట్టె కాపాడలేదు. ఆ రాత్రికి ట్రేలను ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే.

చలి గురించి ఇంత లెక్క వేశాం గానీ, నా దృష్టిలో నారుకు పెద్ద గండం పగటి వేడి. బయట 10 డిగ్రీలే ఉన్నా ఎండ కాస్తే, మూసిన పెట్టెలో 30 దాటిపోతుంది. లేత నారు మధ్యాహ్నానికే వాడిపోతుంది. ఎండగా ఉండి బయట 5 డిగ్రీలు దాటితే మూతను ఆరు అంగుళాలు ఎత్తి కర్ర ఊతంగా పెట్టాలి. 10 దాటితే పూర్తిగా తీసేయాలి. సాయంత్రం ఎండ పోకముందే మూసేస్తే ఆ వెచ్చదనం లోపలే ఉంటుంది. నీళ్లు పొద్దున్నే పోయండి. రాత్రంతా తడిగా, గాలాడకుండా ఉంటే నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది.

ఈ గాజు ఒకప్పుడు కలిగినవాళ్ల సొత్తు. బ్రిటన్‌లో 1746లో గాజు మీద వేసిన సుంకాన్ని 1845లో ఎత్తేశారు. ధర దిగింది. పూలమడులను ఏటా కొత్త నారుతో నింపే విక్టోరియా కాలపు మోజుకు చౌక గాజు బాగా కలిసొచ్చింది.

అన్ని విత్తనాలనూ నేరుగా ఇందులో చల్లకండి. పాన్సీ, స్నాప్‌డ్రాగన్ చలిని ఓర్చుకుంటాయి కాబట్టి వాటి నారును మార్చిలోనే ఇక్కడికి తేవచ్చు. బంతి మొలవాలంటే 20 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి. ఏప్రిల్ మొదట్లో ఇంట్లో వేస్తే వారంలో మొలుస్తుంది, నెలాఖరుకు పెట్టెలోకి చేరుతుంది. పెటూనియా విత్తనాలు గ్రాముకు దాదాపు పది వేలు. పైన మట్టి కప్పకూడదు, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి.

నాటడానికి ముందు రెండు వారాలు నారును బయటి గాలికి అలవాటు చేయాలి. మొదటి వారం పగలంతా మూత తీసి ఉంచండి. రెండో వారం, మంచు లేకపోతే, రాత్రి కూడా. ఇలా పెంచిన బంతి జులైలోనే పూత మొదలుపెట్టి, శరదృతువులో తొలి మంచు పడేదాకా పూస్తూ ఉంటుంది. బతుకమ్మకు పెరటి పూలే పేర్చాలనుకునే అక్కడి మన ఇళ్లకు ఈ సంగతి పనికొస్తుంది.

పెట్టెకు ఎంత ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, ముందుగా ఒక గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటరు కొనండి. ఖాళీ పెట్టెలో వారం రోజులు ఉంచి, పగటి అంకె, రాత్రి అంకె రాసుకోండి. నారు ఎప్పుడు పెట్టాలో ఆ అంకెలు చూసి నిర్ణయించండి.