రాజీనామా కాదు, సెలవు అడగండి

ఆమధ్య ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. ఓ గోడౌనులో స్టోర్‌కీపరు. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి చిక్కిపోయాడు. కళ్లె పరీక్షలో క్షయ అని తేలింది. నేను మందులు రాస్తూంటే, "రేపే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాను డాక్టరుగారూ! ఈ జబ్బు పేరు మా మేనేజరుకు ఏ మొహంతో చెప్పను?" అన్నాడు. జబ్బుకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

క్షయ నయమయ్యే జబ్బు. మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. సరిగ్గా వాడితే చాలామందిలో రెండు వారాలకే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కాస్త ఓపిక రాగానే, డాక్టరు సరేనంటే పనిలోకి వెళ్ళవచ్చు. ఉద్యోగం వదులుకుంటే మాత్రం మళ్ళీ దొరకడం మన చేతిలో లేదు గదా!

మరి ఎలా చెప్పాలంటారా? నలుగురి ముందు కాదు. మేనేజరు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "ఒంట్లో బాగాలేదు సార్, ఇన్నాళ్ళు విశ్రాంతి కావాలని డాక్టరు రాశారు" అనండి. ఊళ్ళో మేనమామ పోయాడని అబద్ధమాడకండి. ఒక మేనమామను ఎన్నిసార్లని చంపుతారు? సెలవు చీటీలో తేదీలు వేసి, సర్టిఫికెట్ జతచేసి, అందినట్టు సంతకం చేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. జబ్బు పేరు ఆఫీసంతా చాటనక్కర్లేదు. కాని క్షయ అయితే, రోజూ మీ పక్కన కూర్చునేవారు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆ మాట మాత్రం దాచకండి.

మీకు ఇ.ఎస్.ఐ. ఉందేమో చూసుకోండి. 2017 నుంచి దీనికి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. తగినన్ని రోజుల చందా కట్టి ఉంటే, ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్‌మీద జబ్బు రోజులకు జీతంలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 రోజులదాకా వస్తాయి. క్షయలాంటి దీర్ఘవ్యాధులకు, సర్వీసు రెండేళ్ళు నిండినవారికి, 80 వంతుల చొప్పున రెండేళ్ళదాకా ఇచ్చే ఏర్పాటుంది. ఇది దానం కాదు, ఇందుకు మీ జీతంలోంచి కూడా నెలనెలా చందా కోసుకుంటారు.

ఇదంతా నిదానంగా వచ్చే జబ్బుల సంగతి. పనిలో ఉండగా గుండెల్లో బరువుగా నొప్పి పుట్టి చెమటలు పట్టినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అనుమతికోసం నిలబడకండి. పక్కవారిచేత వెంటనే 108కి ఫోను చేయించండి. మేనేజరుకు తర్వాత చెప్పుకోవచ్చు.

స్టోర్‌కీపరు మర్నాడే వెళ్ళి చెప్పాడట. మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, "తాళాలు ఎవరికి అప్పజెప్పావోయ్?" అని. రెండోది, "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని.