జనం లేని సముద్రం ఒడ్డు

అమెరికాలో కూతురి దగ్గరకో, కొడుకు దగ్గరకో వెళ్ళొచ్చిన తల్లులను ఏమేం చూశారని అడగండి. నయాగరా జలపాతం, వైట్‌హౌస్, లిబర్టీ విగ్రహం, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి... జాబితా దాదాపు ఒకటే. సముద్రం మాటెత్తితే "మన వైజాగ్‌లో లేని సముద్రమా!" అని తీసిపారేస్తారు.

నిజమే, సముద్రం మనకు కొత్తకాదు. కానీ మన బీచ్‌కి వెళితే సముద్రం కంటే ముందు జనం కనిపిస్తారు. మిరపకాయ బజ్జీల బళ్ళు, మొక్కజొన్న పొత్తులు, ఫొటో తీస్తామంటూ వెంటపడేవాళ్ళు. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మోకాలి లోతులో నిలబడితే ఎవరు చూస్తున్నారోనన్న ఇబ్బంది ఒకటి. ఎవరికీ ఏమీ అందించక్కర్లేకుండా, ఎవరి కంటా పడకుండా ఒక్క గంట ఇసుకలో కూర్చోవడం మనలో ఎంతమందికి కుదిరింది? అలా కూర్చునే చోటు అట్లాంటిక్ తీరాన ఒకటుంది. దాని పేరు అస్సటీగ్ దీవి.

వాషింగ్టన్ నుంచి కారులో సుమారు మూడు గంటల దూరం. చెసపీక్ అఖాతం మీద ఏడు కిలోమీటర్ల వంతెన దాటాక మొక్కజొన్న చేలు, సోయా చేలు, కోళ్ళఫారాల మధ్య నుంచి దారి సాగుతుంది. దీవి పొడవు 60 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం చాలాచోట్ల నడిచి దాటేయగలిగినంతే. ఉత్తర భాగం మేరీలాండ్ రాష్ట్రానిది, దక్షిణ భాగం వర్జీనియాది. ఒకపక్క అట్లాంటిక్ మహాసముద్రం, ఇంకోపక్క ఉప్పుగడ్డి మడుగులు, నిలకడ నీళ్ళ అఖాతం. మధ్యలో ఇసుక తిన్నెలు. దీవి మీద ఒక్క హోటలు లేదు. కార్లు ఆపే చోటు నుంచి ఒడ్డు వెంట పావుగంట నడిస్తే చాలు, గొడుగులూ పిల్లల కేకలూ వెనకబడిపోతాయి. తూర్పు తీరం కాబట్టి మన విశాఖలో లాగే ఇక్కడా సూర్యుడు నీళ్ళలోంచే పైకొస్తాడు. తెల్లవారుజామున అలల అంచున చిన్నచిన్న పిట్టలు, అల వెనక్కి పోగానే కిందకి, ముందుకు రాగానే పైకి, కుట్టుమిషను సూదిలా పరుగులు తీస్తుంటాయి. వాటిని చూస్తూ కూర్చుంటే టైము తెలీదు.

ఐదువేల ప్లాట్లు

ఈ నిశ్శబ్దం దానంతట అది మిగిలిందనుకుంటే పొరపాటే. దీని వెనక ఉన్న కథ వింటే మనవాళ్ళకు కాస్త నవ్వు కూడా వస్తుంది. 1950ల్లో ఈ దీవిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మేశారు! దాదాపు 24 కిలోమీటర్ల మేర, సుమారు 5000 ప్లాట్లు. బాల్టిమోర్ బులవార్డ్ అని పేరుపెట్టి తారురోడ్డు వేశారు. సముద్రం ఎదురుగా సొంతిల్లు అంటే ఎవరికి చేదు? ఇళ్ళు కొద్దికొద్దిగా లేస్తున్నాయి.

1962 మార్చి 6న తుపాను పట్టుకుంది. మూడు రోజులు, వరసగా ఐదు పోట్లు. సముద్రం దీవి మీదుగా ప్రవహించింది. ఉన్న కొద్ది ఇళ్ళూ చాలామటుకు కొట్టుకుపోయాయి, రోడ్డు ముక్కలైంది. ఇసుక మీద ఊరు కట్టడం కుదరదని అందరికీ అర్థమయ్యాక ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1965 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో ఈ దీవి జాతీయ తీరంగా మారింది. ఆ పాత తారురోడ్డు ముక్కలు ఇప్పటికీ తిన్నెల మధ్య కాలిబాటలో కనిపిస్తాయి. పిల్లలకు తప్పకుండా చూపించండి.

ఆ తుపాను రాకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోనక్కర్లేదు. ఉత్తరాన పాయకు అవతలే ఓషన్ సిటీ ఉంది. ఒడ్డు పొడవునా మేడలు, చెక్కబాట పక్కన దుకాణాలు, వేసవి వారాంతాల్లో లక్షల జనం. సరదా కావాలంటే అదీ చూడొచ్చు, తప్పేం లేదు. ఈ రెండూ ఒకప్పుడు కలిసే ఉండేవి. 1933 ఆగస్టు తుపాను మధ్యలో గండి కొట్టి విడదీసింది. పడవలకు పనికొస్తుందని ఆ గండి పూడిపోకుండా రెండువైపులా రాతిగట్లు కట్టారు. ఉత్తరం నుంచి కొట్టుకొచ్చే ఇసుకను ఆ గట్లు ఆపేశాయి. దాంతో ఇసుక అందక అస్సటీగ్ ఉత్తర కొస కోసుకుపోయి, దీవి పడమటికి జరిగిపోయింది. 2004 నుంచి పాయ దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి తెచ్చి ఈ ఒడ్డున వేస్తున్నారు. ఉప్పాడ చీరలు కట్టుకునే మనకు, ఉప్పాడ ఊళ్ళో ఎన్ని ఇళ్ళను సముద్రం మింగిందో తెలుసు కదా. అక్కడైనా ఇక్కడైనా ఒడ్డు ఒకచోట నిలిచి ఉండదు. తిన్నెల మీది గడ్డి తొక్కవద్దని బోర్డులు పెట్టింది అందుకే. ఇసుకను కాస్తయినా పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్ళే.

పులిహోర డబ్బా జాగ్రత్త

దీవికి అసలు పేరు తెచ్చినవి అడవి గుర్రాలు. గోధుమరంగు, తెలుపు మచ్చలు, పొట్టి కాళ్ళు, ఉబ్బిన పొట్టలు. అన్నీ చూలుతో ఉన్నాయేమో అనుకుంటారు మనవాళ్ళు. కాదు, తినేది ఉప్పుగడ్డి గనక దాహానికి నీళ్ళు తెగ తాగుతాయి, ఆ ఉబ్బు అదే. ఎండాకాలం ఈగల బాధ పడలేక మడుగులు వదిలి అలల దగ్గరికొచ్చి నిలబడతాయి. తుపానులో మునిగిన స్పెయిన్ ఓడలోంచి ఈదుకొచ్చాయని స్థానికులు చెప్పుకునే కథ. పన్ను తప్పించుకోవడానికి 17వ శతాబ్దంలో రైతులు తోలి వదిలేసినవని చరిత్రకారులు ఎక్కువమంది అనే మాట. హైతీలో దొరికిన పాత స్పానిష్ కాలపు గుర్రం పన్నును పరీక్షిస్తే ఈ జాతికే దగ్గరగా ఉందని 2022లో పరిశోధకులు ప్రకటించడంతో ఓడ కథ మళ్ళీ ఊపందుకుంది.

మేరీలాండ్ వైపు మందను అదుపులో ఉంచాలని 1994లో ఆడ గుర్రాలకు గర్భనిరోధక టీకా వేయడం మొదలుపెట్టారు. దగ్గరికి వెళ్ళకుండా, తుపాకీతో సూదిబాణం కొట్టి. మంద పెరక్కుండా చేసిన ఈ పనికి అనుకోని ఫలితం ఇంకోటి వచ్చింది. ఏటా కాన్పుల బాధ తప్పిన ఆడ గుర్రాల ఆయుష్షు బాగా పెరిగింది. ఒకప్పుడు చిన్నవయసులోనే పోయేవి, తర్వాత ఇరవై ఏళ్ళ దాకా, ఆపైన కూడా బతకసాగాయి. మన అమ్మమ్మల కాలం గుర్తుకొస్తే ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

వర్జీనియా వైపు పద్ధతి వేరు. అక్కడి మంద షింకటీగ్ ఊరి అగ్నిమాపక దళానిది. ఏటా జూలై చివర్లో గుర్రాలను పాయ ఈదించి తీసుకొచ్చి, పిల్లలను వేలం వేస్తారు. మార్గరీట్ హెన్రీ 1947లో రాసిన 'మిస్టీ ఆఫ్ షింకటీగ్' అనే పిల్లల నవలతో ఆ జాతరకు ఎక్కడలేని పేరొచ్చింది. నిశ్శబ్దం కోసం వెళ్ళేవాళ్ళు ఆ వారం వెళ్ళకండి.

ఇక అసలు విషయం. కనిపించిన ఆవుకు అరటిపండు పెట్టడం మనకు అలవాటు, పుణ్యం కూడాను. ఇక్కడ ఆ పని అస్సలు చేయకూడదు. గుర్రానికి 40 అడుగుల దూరంలో ఉండాలన్నది నిబంధన. ముచ్చటపడి ముట్టుకోబోతే కరుస్తాయి, తంతాయి. మనిషి తిండి రుచి మరిగితే రోడ్డు పక్క అడుక్కోవడం నేర్చుకుంటాయి, కార్ల కింద పడతాయి. తిండి కోసం మనుషుల మీదికొచ్చే ఒక మగ గుర్రాన్ని 2022లో దీవి నుంచే తరలించి టెక్సాస్‌లోని జంతు సంరక్షణ కేంద్రానికి పంపాల్సి వచ్చింది. పుట్టి పెరిగిన ఒడ్డు, మంద అన్నీ పోయాయి దానికి. మూత పెట్టిన డబ్బాలు తెరవడం కూడా వీటికి తెలుసు. పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళండి గానీ తినగానే మిగిలింది కారులో పెట్టి తాళం వేయండి.

మరి నీళ్ళ సంగతి?

జనం లేరంటే మనల్ని పట్టుకునేవాళ్ళూ లేరని అర్థం. వేసవి నెలల్లో కొన్నిచోట్ల మాత్రమే లైఫ్‌గార్డులు ఉంటారు. స్నానం చేయాలనుకుంటే వాళ్ళు కాపలా ఉన్నచోటే దిగండి. ఏకాంతం కావాలనుకున్నప్పుడు పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి. ఈ తీరంలో అల సరిగ్గా ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగుతున్నవాళ్ళను ఎత్తి కుదేస్తుంది. మెడ ఎముకకు దెబ్బ తగిలినవాళ్ళున్నారు.

అంతకంటే ప్రమాదం లోపలికి లాగే ప్రవాహం. రెండుపక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మేర నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తాయి. పిల్లల్ని దించడానికి అదే మంచిచోటు అనిపిస్తుంది. ఒడ్డుకు చేరిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, ఓపిక అయిపోతుంది. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పట్టీ దాటాక అలలతోపాటు లోపలికి రావాలి. రానివాళ్ళు కాళ్ళూచేతులూ గాబరాగా కొట్టుకోకుండా తేలడానికి ప్రయత్నిస్తూ చెయ్యెత్తి కేకవేయాలి. రక్షించడానికి వెనకే దూకిన అమ్మలూ నాన్నలూ కూడా ఎందరో పోతుంటారు. తేలే వస్తువు ఏదైనా విసరండి, లైఫ్‌గార్డును పిలవండి. మన ఆర్కే బీచ్‌లో, సూర్యలంకలో ప్రాణాలు తీసేదీ ఇలాంటి ప్రవాహాలే, కాబట్టి ఈ నాలుగు ముక్కలూ ఇంటి దగ్గరా పనికొస్తాయి.

చీరతో నీళ్ళలో దిగడం మంచిది కాదు. తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. చుడీదారు చున్నీ కూడా అంతే. ఒళ్ళంతా కప్పే ఈతదుస్తులు దొరుకుతాయి, కొనలేకపోతే బిగుతు లెగ్గింగు, పొడుగుచేతుల టీషర్టు చాలు. ఎవరేం వేసుకున్నారో అక్కడ ఎవరూ చూడరు. నన్నడిగితే ఆ ఒక్క హాయి కోసమైనా వెళ్ళొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి? మే నెలలో ఎండ బాగున్నా నీళ్ళు గజగజలాడిస్తాయి. జూలై, ఆగస్టుల్లో నీళ్ళు హాయిగా ఉంటాయి గానీ దోమలూ, కుట్టే ఈగలూ పీక్కు తింటాయి. సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు దాటాక పిల్లలు బళ్ళకు వెళ్ళిపోతారు, నీళ్ళలో వెచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది. అదే మంచి సమయం, తుపాను హెచ్చరికలు మాత్రం చూసుకోవాలి. గడ్డిలో తిరిగొస్తే పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ వెనక పిడుదులు పట్టాయేమో చూడండి, వాటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ఒడ్డున చెట్టు నీడ ఉండదు కాబట్టి గొడుగు, తాగే నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి.

బయలుదేరేముందు ఏవైపుకు వెళ్తున్నారో తేల్చుకోండి. మేరీలాండ్ ద్వారం నుంచి వర్జీనియా ద్వారానికి దీవి లోపల రోడ్డు లేదు. మళ్ళీ వంతెన దాటి బయటికొచ్చి, గంటకు పైగా చుట్టుతిరిగి వెళ్ళాలి. రాత్రి ఉండాలంటే మేరీలాండ్ వైపు గుడారం వేసుకోవచ్చు. మామూలు మేకులు ఇసుకలో నిలవవు, పొడుగువి తీసుకెళ్ళండి. గుడారంలో తినుబండారాలు పెట్టుకుని పడుకున్నారంటే, అర్ధరాత్రి గుడ్డకు అవతల ఎవరో ముక్కు రాస్తున్న చప్పుడు వినిపిస్తుంది.