పోర్న్ సైట్లన్నింటికీ ఒకే 'తోక' తగిలిస్తే పిల్లలు సేఫేనా? డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్ కథలో ఏం జరిగింది?

నందిగామ బస్టాండ్ దగ్గర ఓ మొబైల్ షాప్. చార్జింగ్ పిన్ మార్పించుకోవడానికి వచ్చిన ఓ పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు. "తమ్ముడూ, ఆ బూతు సైట్లు రాకుండా దీనికేమైనా తాళం ఉంటదా? మేం మిరపకాయ కోతలకి పోతే ఫోన్ పిల్లాడి దగ్గరే ఉంటది." షాపులో కుర్రాడు నవ్వాడు. "ఎన్నని ఆపుతాం బాబాయ్, ఒకటి ఆపితే పది వస్తాయి." పెద్దాయన వదల్లేదు. "బ్యాంకులన్నిటికీ ఒకటే పేరు పెట్టారంటగా. వీటికీ అట్లా పెడితే ఒక్క దెబ్బకి ఆపొచ్చుగా?"

వినడానికి సింపుల్‌గా ఉంది కానీ, ఇదే ప్రశ్న మీద ఇంటర్నెట్ పెద్దలు పదేళ్లకు పైగా కొట్టుకున్నారు.

ముందు బ్యాంకుల సంగతి చూద్దాం. ఫేక్ బ్యాంక్ సైట్లతో జనం మోసపోతున్నారని, బ్యాంకులన్నీ తమ వెబ్ అడ్రస్‌ను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'లోకి మార్చుకోవాలని 2025లో ఆర్బీఐ ఆదేశించింది. అక్టోబర్ 31 డెడ్‌లైన్ పెట్టింది. ఈ పేర్లు ఇచ్చే అధికారం ఒక్కరికే ఉంది. అది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. అంటే జగ్గయ్యపేటలో కూర్చున్న కేటుగాడైనా, జార్ఖండ్‌లో ఉన్న కేటుగాడైనా ఆ తోక ఉన్న అడ్రస్ కొనలేడు. బ్యాంకు మాట వినకపోతే ఆర్బీఐ ఊరుకోదు. అందుకే ఆ ఐడియాకు పట్టు ఉంది.

మరి అడల్ట్ సైట్లకు?

ఆ ప్రయత్నం 2000లోనే మొదలైంది. ఐసీఎం రిజిస్ట్రీ అనే కంపెనీ, అడల్ట్ సైట్ల కోసం 'డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్' అనే ప్రత్యేక డొమైన్ కావాలని ఐకాన్‌కు అప్లై చేసింది. ప్రపంచంలో వెబ్ అడ్రస్‌ల చివర ఏ తోకలు ఉండాలో తేల్చేది ఈ ఐకానే. మొదటిసారి కుదరలేదు. 2004లో మళ్లీ అప్లై చేసింది. తన వాదన ఏంటంటే... పేరు చూడగానే అది పెద్దల సైట్ అని తెలిసిపోతుంది, వద్దనుకున్న తల్లిదండ్రులు ఆ తోకనే బ్లాక్ చేసుకోవచ్చు, అమ్మిన ప్రతి పేరుకూ 10 డాలర్లు పిల్లల రక్షణలాంటి పనులు చూసే ఓ సంస్థకు వెళ్తాయి.

ఇక్కడే ట్విస్ట్. దీన్ని వ్యతిరేకించింది ఒక వర్గం కాదు, అస్సలు పడని రెండు వర్గాలు. అమెరికాలోని మత, కుటుంబ సంస్థలు 'బూతుకు అధికారికంగా వీధి కట్టిస్తారా' అంటూ అక్కడి ప్రభుత్వానికి వేల ఉత్తరాలు రాశాయి. మరోవైపు అడల్ట్ ఇండస్ట్రీ కూడా వద్దంది! ఈ ఇండస్ట్రీ తరఫున పనిచేసే ఫ్రీ స్పీచ్ కోయలిషన్ 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐకాన్ మీటింగ్ దగ్గర రోడ్డెక్కింది కూడా.

వాళ్ల భయం ఏంటి? ఈరోజు 'ఇష్టమైతే తీసుకోండి' అంటారు, రేపు ఏదో ఒక ప్రభుత్వం 'అందరూ ఆ వీధిలోకే పోవాలి' అని చట్టం చేస్తుంది, ఎల్లుండి ఆ వీధి మొత్తానికి గేటు వేసేస్తారు. పైగా రేటు. డాట్ కామ్ పేరు హోల్‌సేల్‌గా 10 డాలర్ల లోపే దొరికే రోజుల్లో దీనికి సుమారు 60 డాలర్లు. తమ పేరును ఇంకెవరో కొట్టేయకుండా ఉండాలంటే కొనక తప్పదు. 'ఇది రక్షణ కాదు, వసూళ్లు' అన్నది వాళ్ల మాట. నిజం చెప్పాలంటే ఆ రెండో పాయింట్‌లో న్యాయం ఉంది. ఎందుకంటే తర్వాత అడల్ట్ బిజినెస్‌తో ఏ సంబంధం లేని కంపెనీలు, అమెరికా యూనివర్సిటీలు కూడా పరువు కాపాడుకోవడానికి తమ పేర్లతో ఆ అడ్రస్‌లు కొనుక్కున్నాయి.

ఐకాన్ బోర్డు 2006లో 9-5 ఓట్లతో కాదంది. 2007లో మళ్లీ 9-5తో కాదంది. ఐసీఎం రివ్యూకు వెళ్లి 2010లో గెలిచింది. చివరికి 2011 మార్చి 18న బోర్డు ఓకే చెప్పింది. ఆ డిసెంబర్ నుంచి అమ్మకాలు. అప్పట్లో మన దేశం కూడా దీన్ని వ్యతిరేకించింది, ఆ డొమైన్ మొత్తాన్ని బ్లాక్ చేస్తామని కేంద్రం నుంచి సంకేతాలొచ్చాయి.

ఫలితం? పెద్ద అడల్ట్ సైట్లేవీ డాట్ కామ్ వదిలి రాలేదు. రావాలని చెప్పే ఆర్బీఐ లాంటి వాళ్లు ఆ ఇండస్ట్రీకి ఎవరూ లేరు. ఒక దేశం చట్టం చేసినా సర్వర్ ఇంకో దేశంలో ఉంటుంది. కాబట్టి ఆ పెద్దాయన డాట్ ఎక్స్ఎక్స్ఎక్స్‌కు తాళం వేసినా, అసలు దుకాణాలు పక్క వీధిలో తెరిచే ఉంటాయి.

అడ్రస్‌ల లిస్ట్ పెట్టి ఆపడం మన దగ్గర చూశాం. 2013లో ఇండోర్ లాయర్ కమలేష్ వాస్వానీ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ నడుస్తుండగా, 2015 జూలై 31న టెలికాం శాఖ 857 సైట్లు ఆపమంది. గోల పెద్దదైంది. నాలుగు రోజుల్లోనే సడలించి, పిల్లల అశ్లీల కంటెంట్ లేని సైట్లను ఆపక్కర్లేదంది. మళ్లీ 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 827 సైట్లు బ్లాక్. అప్పుడు ఓ పెద్ద సైట్ చేసిన పని చాలా చిన్నది. చివర డాట్ కామ్ తీసి డాట్ నెట్ పెట్టుకుంది. మొబైల్ షాప్ కుర్రాడు చెప్పింది ఇదే.

పోనీ రివర్స్‌లో, పిల్లలకే ప్రత్యేక వీధి కడితే? అమెరికా 2002లో చట్టం చేసి మరీ 'డాట్ కిడ్స్ డాట్ యూఎస్' పెట్టింది. బయటి సైట్లకు లింకులు కూడా ఉండకూడదన్నారు. సైట్లు పెట్టేవాళ్లు లేక 2012లో ఆపేశారు.

అందుకే ఇప్పుడు గొడవ సైట్ పేరు మీద నుంచి చూసేవాడి వయసు మీదకు మారింది. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, అడల్ట్ సైట్లు వయసు చెక్ చేయాలన్న టెక్సాస్ చట్టాన్ని సమర్థించింది. కేసు వేసి ఓడింది ఎవరో తెలుసా? అదే ఫ్రీ స్పీచ్ కోయలిషన్. ఆ జూలై 25 నుంచి బ్రిటన్‌లోనూ ఏజ్ చెక్ తప్పనిసరి. 'నా ఐడీ కార్డు ఇలాంటి సైట్ చేతికి ఎందుకివ్వాలి' అన్నది అక్కడి పెద్దల ప్రశ్న, అది తీసిపారేసేదీ కాదు.

సైట్ పేరు, ఏజ్ చెక్... ఈ రెండూ పట్టుకోలేనిది ఒకటుంది. హైవే మీద ఉన్న నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా పిల్లలు బ్రౌజర్ తెరిచి అడ్రస్ టైప్ చేసే రోజులు పోయాయి. వీడియో వాట్సాప్ గ్రూపులో వస్తుంది, టెలిగ్రామ్ లింక్‌గా వస్తుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఇన్‌స్టాలో పరిచయమైన 'ఫ్రెండ్' ఒక ఫోటో అడుగుతాడు, పంపాక బెదిరిస్తాడు. దీనికి ఏ డొమైనూ అడ్డు రాదు.

చట్టం మాత్రం గట్టిగానే ఉంది. 18 ఏళ్లలోపు వాళ్లను అశ్లీలంగా చూపించే కంటెంట్‌ను వెతికినా, డౌన్‌లోడ్ చేసినా, పంపినా ఐటీ చట్టం 67బీ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పిల్లల మీద జరిగే ఈ నేరాన్ని 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనే పేరుతో పిలవొద్దని, అది పిల్లల మీద లైంగిక దోపిడీ, వేధింపు అని చెప్పింది. 'ఎంత ఘోరమో చూడండి' అని అలాంటి వీడియోను ఫార్వర్డ్ చేసేవాళ్లు కూడా జాగ్రత్త. ఫార్వర్డ్ చేయకుండా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రిపోర్ట్ చేయండి, అందులో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. పిల్లలకు సాయం కావాలంటే 1098.

ఇక పెద్దాయన అడిగిన తాళం. ఆండ్రాయిడ్ 9, ఆపైన ఉన్న ఫోన్లలో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్ దగ్గర 'ప్రైవేట్ డీఎన్ఎస్' ఉంటుంది. అందులో క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ డీఎన్ఎస్ అడ్రస్ పెడితే, తోక డాట్ కామ్ అయినా డాట్ నెట్ అయినా వాళ్ల లిస్టులో ఉన్న అడల్ట్ సైట్లు ఆగిపోతాయి. ఖర్చు సున్నా. కొత్తగా పుట్టిన సైట్లు కొన్ని తప్పించుకుంటాయి. తెలివైన పిల్లాడు ఆ సెట్టింగ్ మార్చేయగలడు, వీపీఎన్ కూడా వేయగలడు. వాట్సాప్‌లో వచ్చే వీడియోను మాత్రం ఇది ఆపదు.

ఫోటో ఇప్పటికే బయటికి వెళ్లిపోతే? భయపడి డబ్బు పంపొద్దు, పిల్లను కొట్టొద్దు. బెదిరింపు మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ 2023లో తెచ్చిన 'టేక్ ఇట్ డౌన్' సర్వీస్ మన దగ్గరి నుంచి కూడా ఫ్రీగా వాడొచ్చు. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది, ఆ కోడ్‌తో ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి ప్లాట్‌ఫామ్‌లు ఆ ఫోటోను గుర్తుపట్టి తీసేస్తాయి.