ఒక బెల్టు చాలదా?

పిండిమరలో మోటారుకూ మరకూ మధ్య పరుగెత్తే బెల్టులను ఎప్పుడైనా లెక్కపెట్టారా? చాలాచోట్ల రెండో మూడో పక్కపక్కనే ఉంటాయి. పిండిమరకే కాదు, కారు ఇంజనుకు కూడా ఒక్కోసారి ఈ అవసరం వస్తుంది. జపాను దేశపు మజ్డా కంపెనీ 1978 నుండి 2002 వరకు ఆర్‌ఎక్స్-7 అనే స్పోర్ట్స్ కారును తయారు చేసింది. 1985లో వచ్చిన దాని రెండవ తరం కారులో ఇంజను ఇరుసు నుండి వచ్చే ఒకే బెల్టు ఆల్టర్నేటరునూ, నీటి పంపునూ కూడా తిప్పుతుంది. ఈ కార్లను ఇప్పటికీ రోడ్ల మీద నడిపేవారిలో కొందరు ఆ ఒక్క బెల్టు తీసేసి, రెండు బెల్టులు పట్టే కప్పీలు కొని బిగించుకుంటారు. ఎందుకో చూద్దాం.

ఆల్టర్నేటరు కారుకు కావలసిన విద్యుత్తును పుట్టించే యంత్రం. దాన్ని ఉత్తచేతితో తిప్పితే తేలిగ్గానే తిరుగుతుంది. కాని దాని నుండి విద్యుత్తు లాగడం మొదలుపెట్టారా, లోపలి అయస్కాంత బలం తిరిగేదాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఎంత విద్యుత్తు లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. 14 వోల్టుల వద్ద 100 ఆంపియర్లు తీసుకుంటే 1400 వాట్లు. మధ్యలో వేడిగా వృథా అయ్యేదాన్ని కూడా కలిపితే బెల్టు అందించవలసినది 2400 వాట్ల దాకా, అంటే మూడు అశ్వసామర్థ్యాలకు పైమాటే. మీ ఇంట్లో మిక్సీ 500 వాట్లదైతే, అలాంటివి దాదాపు ఐదింటిని వేలెడంత వెడల్పు లేని రబ్బరు పట్టీ నడపాలన్నమాట!

బెల్టు జారితే దీపాలు మందగిస్తాయి. అంతటితో పోతే బాగుండును. నీటి పంపు కూడా ఆ బెల్టు మీదే ఆధారపడి ఉంది కదా! ఆర్‌ఎక్స్-7 ఇంజనులో మామూలు పిస్టన్లు ఉండవు. త్రిభుజం వంటి రోటార్లు తిరుగుతాయి. ఆ ఇంజనును పోత ఇనుప భాగాలనూ, అల్యూమినియం భాగాలనూ ఒకదాని పక్కన ఒకటి పేర్చి బిగిస్తారు. నీరు కారకుండా వాటి మధ్య మెత్తని సీలు వలయాలు ఉంటాయి. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇంజను మితిమీరి వేడెక్కితే ఈ వలయాలు నలిగి, చల్లబరిచే నీరు లోపలికి కారుతుంది. ఇక ఇంజను మొత్తం విప్పవలసిందే. ఒక బెల్టు జారినందుకు ఇంత ఖర్చు!

బెల్టు పట్టు ఎక్కడిది? ఒక చిన్న ప్రయోగం చేయండి. దారానికి ఒక తాళంకప్ప కట్టి, కిటికీ అడ్డ ఊచ మీదుగా వేలాడదీసి రెండో కొస పట్టుకోండి. తరువాత దారాన్ని ఊచకు ఇంకో పూర్తి చుట్టు చుట్టి పట్టుకోండి. బరువు మాయమైనట్టే ఉంటుంది! ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక కిలో బరువును ఆపడానికి మొదటిసారి సుమారు 390 గ్రాముల లాగుడు కావాలి, రెండోసారి 60 గ్రాములు చాలు. కాని కారు బెల్టును ఇలా అదనంగా చుట్టలేము. చిన్నదైన ఆల్టర్నేటరు కప్పీని అది అర చుట్టుకన్నా తక్కువే తాకుతుంది.

ఆ లోటు తీర్చేది గాడి ఆకారం. కొయ్యలో గొడ్డలి అంచు ఇరుక్కున్నట్టు, ఏటవాలు అంచుల బెల్టు గాడి గోడల మధ్య ఇరుక్కుంటుంది. గాడి అడుగును తాకదు. గోడల మధ్య కోణం 38 డిగ్రీలైతే, చదునైన బెల్టుతో పోలిస్తే ఘర్షణ మూడింతలైనట్టు పనిచేస్తుంది.

ఇక్కడ మీలో తెలివైనవారు చేయి ఎత్తాలి. “ఘర్షణ తాకే వైశాల్యం మీద ఆధారపడదని పాఠంలో చదివాం. మరి రెండు బెల్టులు పెడితే ఏం లాభం?”

మంచి ప్రశ్న. మొదటి సంగతి, రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. ఎక్కువగా నొక్కినకొద్దీ దాని ఘర్షణ గుణకం తగ్గుతుంది. కాబట్టి అదే ఒత్తిడిని రెండు బెల్టులకు పంచితే పట్టు కొంత పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం బిగువు సంగతి. ఒక బెల్టును ఇష్టం వచ్చినంత బిగించలేము; లోపలి తాళ్ళు సాగిపోతాయి, బెల్టు వేడెక్కి పగులుతుంది. రెండు ఉంటే, ఒక్కొక్కటి తాను భరించగలిగిన బిగువులోనే ఉండి సగం పని చేస్తుంది.

వేగం పెరిగితే మరో చిక్కు. వడిసెలలో రాయి గిరగిరా తిరుగుతూ చేతిని లాగినట్టు, కప్పీ చుట్టూ తిరిగే బెల్టు బయటికి పోజూస్తుంది. 13 సెంటీమీటర్ల కప్పీ నిమిషానికి 7000 చుట్లు తిరిగితే బెల్టు వేగం గంటకు 171 కిలోమీటర్లు! మీటరు పొడవు బెల్టు 100 గ్రాములుంటే, దాని బిగువులో సుమారు 23 కిలోల బరువంత దానిని వంపు తిప్పడానికే సరిపోతుంది. ఆ భాగం కప్పీని నొక్కదు. అంటే పట్టు అంతమేరకు తగ్గినట్టే.

అలాగైతే ఆల్టర్నేటరుకు పెద్ద కప్పీ పెట్టి వేగం తగ్గించవచ్చు కదా? పందెపు కార్లలో అలాగే చేస్తారు. అక్కడ ఇంజను ఎప్పుడూ జోరుమీదే ఉంటుంది. ఊళ్ళో తిరిగే కారు సంగతి వేరు. ఎర్రదీపం దగ్గర ఇంజను 750 చుట్లతో నెమ్మదిగా తిరుగుతున్నా లైట్లు, వైపర్లు, ఫ్యాను పనిచేయాలి. పెద్ద కప్పీతో అప్పుడు విద్యుత్తు చాలదు. కప్పీ కొలత మార్చకుండా పట్టు పెంచాలంటే జంట బెల్టులే దారి.

ఇందుకు ఇంజను ఇరుసు, నీటి పంపు, ఆల్టర్నేటరు — మూడు కప్పీలకూ రెండేసి గాడులుండాలి. అవి ఒకే వరసలో ఉన్నాయో లేదో తిన్నని బద్ద ఆనించి చూడాలి. గాడుల కొలతలు తేడాగా ఉంటే రెండు బెల్టులూ ఒకే ఇరుసును రెండు వేగాలతో తిప్పజూస్తాయి. ఏదో ఒకటి ఎప్పుడూ జారుతూ అరిగిపోతుంది. బెల్టులను జతగానే కొనాలి. పాతదాని పక్కన కొత్తది వేస్తే, కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి లాగుతూ రెండోది ఊరికే నడిచినట్టుంటుంది. రెండున్నాయి కదా అని రెండిటినీ వీణ తీగల్లా బిగించినా ముప్పే. పంపు, ఆల్టర్నేటరు బేరింగులు ఆ లాగుడుకు త్వరగా పాడవుతాయి. కొత్త బెల్టులు మొదట్లో కొంచెం సాగుతాయి గనుక కొద్ది దూరం నడిపి, ఇంజను ఆపి, మళ్ళీ బిగువు సరిచూడాలి.

ఒక బెల్టు తెగినా రెండోది పంపును తిప్పుతూ ఇల్లు చేర్చవచ్చు. అయితే తెగిన ముక్క పక్కదానికి చుట్టుకుని దాన్ని కూడా లాగేయవచ్చు. ఆ భరోసా అంత గట్టిది కాదు.

తరువాతి కార్లలో వెడల్పుగా, పలుచగా, పొడవునా సన్నని గీతల్లాంటి మెట్టలు ఉండే బెల్టు వచ్చింది. ఒక్కొక్క మెట్ట ఒక చిన్న గాడిలో కూర్చుంటుంది. పైకి ఒకటే బెల్టు, నిజానికి ఐదారు బుల్లి బెల్టులు అంటుకుని ఉన్నట్టే. ఆపి ఉన్న కారు బానెట్ ఎవరైనా పెద్దవాళ్ళు ఎత్తినప్పుడు, వారినడిగి ఆ మెట్టలను లెక్కపెట్టి చూడండి.