మధ్యయుగానంతర లాటిన్ కవిత్వము : పఠనరీతి

లాటిన్ కవిత్వమనగానే వర్జిల్, హొరేస్, ఓవిడ్ అను పేర్లే స్ఫురించును. కాని ఆ భాషలో కవితారచన రోమక సామ్రాజ్యముతో అంతరింపలేదు, మధ్యయుగముతోను ముగియలేదు. 1341లో రోము నగరమున కవిపట్టాభిషేకము పొందునాటికి పెట్రార్కు ‘ఆఫ్రికా’ అను లాటిన్ మహాకావ్యమును రచించుచుండెను. మిల్టను 1645లో ప్రకటించిన పద్యసంపుటిలో ఆంగ్లకృతులతోపాటు లాటిన్ కృతులును కలవు.

ఇంతటి వాఙ్మయమును మృతభాషలోని అనుకరణమని త్రోసిపుచ్చుట కొందరికి పరిపాటి. మాతృభాష కాని భాషలో సత్కవిత్వము పుట్టదనుట సంస్కృతమెరిగిన మనము అంగీకరింపరాని మాట. ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలకు సంస్కృతము విద్యవలన అబ్బినదే. అయినను ‘భామినీవిలాసము’న రసము కొరవడినదని యెవ్వరనగలరు?

తెలుగు విద్యార్థికి ఈ కవిత్వమున ప్రవేశము కల్పించునది ఛందస్సు. లాటిన్ వృత్తములును గురులఘువులపై ఆధారపడినవే. కథాకావ్యములకు వాడు హెక్సామీటరు పాదమున ఆరు గణములుండును. మొదటి నాలుగింట భగణముగాని, రెండు గురువులుగాని రావచ్చును. ఐదవది ప్రాయికముగా భగణము. ఆరవది రెండక్షరములది, అందు చివరి యక్షరము గురువైనను లఘువైనను చెల్లును. అందలి విరామము మన యతివలె అక్షరమైత్రి కాదు, పదచ్ఛేదము మాత్రమే.

ఛందస్సు తెలిసిన పిమ్మట కవి యెవరిని స్మరించుచున్నాడో గుర్తింపవలెను. ఇందుకొక యుదాహరణము చూతము. వైద్యుడైన ఫ్రకాస్టోరో ‘సిఫిలిస్’ అను మూడాశ్వాసముల కావ్యమును 1530లో వెరోనాలో ప్రకటించెను. 15వ శతాబ్ది చివర యూరపున ప్రబలిన రోగము ఇందలి వస్తువు. మూడవ యాశ్వాసమున పడమటి సముద్రమును దాటిన నావికులు ఒక ద్వీపమున సూర్యునికి పవిత్రములైన పక్షులను కాల్చి చంపుదురు. మిగిలిన పక్షి యొకటి వారికి రాబోవు కష్టములను, ఆ రోగమును చెప్పి శపించును.

ఇది ‘ఈనియడ్’ మూడవ సర్గలోని హార్పీల ఘట్టమునకు అనుసరణము. ఆ మాట చెప్పి విరమించినచో పఠనము సగమే యగును. వర్జిలు హార్పీలు ఆహారమును చెరచు వికృతపక్షులు. ఫ్రకాస్టోరో పక్షులు ఎవరికిని అపకారము చేయనివి. అచ్చట జోస్యము తుదకు నిరపాయముగా ఫలించును. ఇచ్చట శాపము దేహమునంటును. నౌకాయాత్రను శ్లాఘించుచునే కవి నవాగతులపై దోషము మోపినాడు. ఆ దోషము మాటలలో కాదు, మూలమునుండి తొలగిన చోట తెలియుచున్నది. ఆ రోగమునకు మందైన గ్వాయకమ్ వృక్షమును ఆ దేశపుటడవులలోనే యున్నది. సూర్యుని దూషించి రోగగ్రస్తుడైన సిఫిలస్ అను గొల్లవాని కథయు ఈ యాశ్వాసముననే కలదు. ఆ రోగమునకు నేటికిని నిలిచిన పేరు ఈ కావ్యమునుండి వచ్చినదే.

కావున పరిశోధకుడు ముందు వర్జిల్, ఓవిడ్, హొరేసులను శ్రద్ధతో చదివి, పిదప ఈ కవులను చేపట్టవలెనని మా యభిప్రాయము. 16వ శతాబ్ది ముద్రణములలోని సంక్షేపలిపికిని అలవాటుపడవలెను. 2001 నుండి హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ‘ఇ తాత్తి’ గ్రంథమాలలో మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటించుచున్నందున నేడు ఆరంభము సుకరమైనది. సామ్యములను పట్టికవేయుట తొలిమెట్టు మాత్రమే. భేదమునకు కారణము వెదకుటయే విమర్శ. మన పురాణానువాదములను పరిశీలించువారికిని ఈ పద్ధతి ఉపకరింపగలదు.